చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి: బాడుగ ఇంటి అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకోవడం ఎలా

అనంతపురంలో ఇల్లు వెతికేవాళ్లు ముందు అడిగేది బెడ్‌రూంలు ఎన్ని అని కాదు, నీళ్లు ఎట్లా అని. రాష్ట్రంలో వాన చాలా తక్కువ పడే ప్రాంతం ఇది. మేమూ అదే అడిగాం. "మున్సిపల్ కొళాయి ఉంది సార్, పీఏబీఆర్ రిజర్వాయరు నీళ్లు. ఎండాకాలంలో కూడా ట్యాంకర్ మాటే ఉండదు" అన్నాడు ఓనరు. ఆ మాట నమ్మి 40,000 రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాం, జనవరిలో పాలు పొంగించి చేరాం. మార్చి రెండో వారానికల్లా మూడో అంతస్తుకు నీళ్లు ఎక్కడం ఆగిపోయింది. ఆ అపార్ట్‌మెంటుకు మున్సిపల్ కనెక్షనే లేదని, ఉన్నదల్లా ఒక్క బోరేనని అప్పుడు తెలిసింది.

మా డబ్బు వెనక్కి వచ్చింది. రెండు నెలలు పట్టింది. అందులో మొదటి రెండు వారాలు మేం మొహమాటంతో పోగొట్టుకున్నవే. పాలు పొంగించిన ఇల్లు, మూడు నెలలు కూడా కాకుండా ఎట్లా వదిలేదని ఇంట్లో ఒకటే మథనం. మీకు ఆ ఆలస్యం జరగకూడదని మేం చేసిందీ, చేయాల్సి ఉండి చేయనిదీ వరసగా రాస్తున్నాను. మీ సమస్య నీళ్లు కాకపోవచ్చు. నడవని లిఫ్టు, వేరేవాళ్లకు ఇచ్చేసిన కారు పార్కింగు, సెపరేట్ అని చెప్పి ఇద్దరికీ కలిపి పెట్టిన కరెంటు మీటరు, కొత్త పెయింటు కింద దాచిన చెమ్మ, ఏదైనా కావచ్చు. దారి మాత్రం ఇదే. కర్నూలులో ఉన్నా కడపలో ఉన్నా చట్టం ఒకటే.

ముందు తేల్చుకోండి: అది అబద్ధమా, పొగడ్తా?

"మంచి ఏరియా", "గాలి బాగా ఆడుతుంది", "ఓనర్లం మేం చాలా మంచివాళ్లం" ఇవి పొగడ్తలు. వీటి మీద అడ్వాన్స్ అడగలేరు. "మున్సిపల్ కనెక్షన్ ఉంది", "పార్కింగు మీదే", "మీటరు సెపరేట్" ఇవి నిజమో కాదో తేల్చి చూపగల మాటలు. మీ కేసు నిలబడేది వీటి మీదే.

తర్వాత మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఇల్లు చూసిన రోజు మామూలు జాగ్రత్తతో చూస్తే అది నాకు కనబడేదేనా? ఇది చాలా ముఖ్యం. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ (1882) 108వ సెక్షన్‌లో మొదటి మాటే ఇది. ఇంటిని వాడుకోవడానికి అడ్డొచ్చే పెద్ద లోపం ఓనరుకు తెలిసి ఉండి, బాడుగకు వచ్చేవాళ్లకు తెలియక, మామూలు జాగ్రత్తతో వాళ్లకు కనబడనిదైతే, ఓనరు ముందే చెప్పి తీరాలి. పగిలిన కిటికీ అద్దం మీకు కనబడుతుంది, దాని మీద తర్వాత గొడవ పెట్టుకోలేరు. జనవరిలో నిండుగా ఉన్న సంపును చూసి మార్చిలో బోరు ఎండుతుందని ఎవరూ కనిపెట్టలేరు. గోడకు పెయింటు వేసి చెమ్మను దాచారంటే అదీ అంతే. అట్లా కావాలని కప్పిపుచ్చడాన్ని కాంట్రాక్ట్ యాక్ట్ (1872) 17వ సెక్షన్ మోసం కిందే లెక్కిస్తుంది. తప్పుడు మాట మీద కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ మీకు ఇస్తుంది. రద్దు చేసుకున్నప్పుడు ఎవరిది వాళ్లకు తిరిగి ఇవ్వాలని 64వ సెక్షన్. అంటే ఇల్లు ఆయనకు, అడ్వాన్స్ మీకు. ఉన్న రోజులకు బాడుగ మాత్రం మీరు కట్టాలి, అది న్యాయం కూడా.

"పదకొండు నెలల లోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు" అని అగ్రిమెంటులో రాసి ఉందని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ షరతు మీ ఇష్టంతో మీరు వెళ్లిపోయినప్పటికి. ఒప్పందమే అబద్ధం మీద కుదిరిందని తేలితే, అందులోని షరతు కూడా దాంతో పాటే పోతుందని మీరు వాదించవచ్చు. అసలు అగ్రిమెంటే లేకపోతే? కంగారు పడొద్దు. నోటిమాటతో ఇల్లు అప్పగించినా అది బాడుగే. నెలనెలా బాడుగ ఇంటిని 15 రోజుల నోటీసుతో వదిలేసే హక్కు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 106వ సెక్షన్‌లో ఉంది.

తెలిసిన రోజే కదలండి

మేం చేసిన తప్పు ఇక్కడే. "వాన పడితే సర్దుకుంటుందిలే" అని రెండు వారాలు ట్యాంకర్ వాటా కట్టేశాం. విషయం తెలిసిన తర్వాత కూడా నెలల తరబడి మాట్లాడకుండా ఉంటే, మీరు దానికి ఒప్పుకున్నారని అవతలివాళ్లు అంటారు, వాళ్ల మాటకు బలం కూడా వస్తుంది. అందుకే తెలిసిన రోజే ఒక మెసేజ్ వెళ్లాలి. డబ్బు కట్టాల్సి వచ్చినా "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాం" అని రాసి కట్టండి.

సాక్ష్యం: ఈ భాగం తొందరపడకుండా చేయండి

మీరు నిరూపించాల్సినవి మూడు. ఓనరు ఏం చెప్పాడు, నిజంగా ఏం ఉంది, ఆ నిజం ఓనరుకు ముందే తెలుసా.

మొదటిదే అందరికీ కష్టం, ఎందుకంటే మాట నోటితో చెప్పిందే కదా. దీనికి ఉపాయం ఒకటుంది. ఆయన చెప్పిన మాటను ఆయన చేతనే మళ్లీ చెప్పించాలి. ఫోన్ చేసి అరవొద్దు. వాట్సాప్‌లో మర్యాదగా, తేదీతో సహా అడగండి. మేం పంపింది ఇది:

"నమస్కారం సార్. జనవరిలో ఫ్లాట్ చూపించినప్పుడు మున్సిపల్ కొళాయి ఉంది, ఎండాకాలం కూడా ట్యాంకర్ కొనే పని పడదు అని మీరు చెప్పారు. ఆ మాట మీదనే 40,000 అడ్వాన్స్ ఇచ్చి చేరాం. రెండు వారాలుగా పైకి నీళ్లు రావడం లేదు. మున్సిపల్ కనెక్షన్ లేదని వాచ్‌మన్ అంటున్నాడు. కనెక్షన్ ఎక్కడుందో దయచేసి చెప్పండి సార్."

గంటలో జవాబు వచ్చింది. "కనెక్షన్‌కు అప్లై చేసినాము, వస్తుంది. అంతవరకు కొంచెం అడ్జస్ట్ కాండి." ఆ ఒక్క లైనే మా కేసు మొత్తాన్నీ నిలబెట్టింది. నేను అట్లా చెప్పలేదు అని ఆయన అనలేదు. కనెక్షన్ లేదని తనే ఒప్పుకున్నాడు. మీ మెసేజ్‌లో తిట్టు ఉంటే ఇట్లాంటి జవాబు రాదు, బ్లాక్ చేస్తారు. టు-లెట్ బోర్డు ఫొటో, ఆన్‌లైన్ ప్రకటన స్క్రీన్‌షాట్, బ్రోకర్ పంపిన వాయిస్ మెసేజ్, ఇవన్నీ ఉంటే దాచండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. అసలు ఫోన్‌ను మార్చొద్దు, అమ్మొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ పెట్టాలి, అప్పుడు ఒరిజినల్ ఫోన్ మీ దగ్గరుంటే పని సులువు.

రెండోదానికి వీడియో తీయండి. ఎక్కడా కట్ చేయకుండా ఒకే వీడియో కావాలి. ఫ్లాట్ నంబరు దగ్గర మొదలుపెట్టి, లోపలికి నడిచి, కొళాయి తిప్పి, బకెట్ పెట్టండి. పొద్దున ఆరు, ఏడు మధ్య, అందరూ నీళ్లు వాడే టైంలో తీయండి. మా బకెట్ నిండడానికి పదకొండు నిమిషాలు పట్టింది. చెమ్మ అయితే వారం వారం అదే గోడను అదే చోట నిలబడి ఫొటో తీయండి. మీటరు సమస్య అయితే సర్వీస్ నంబరుతో కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ బిల్లులు తీసి చూడండి, ఆ నంబరు ఎవరి పేరు మీదుందో బిల్లులోనే తెలుస్తుంది.

మూడోది, అంటే ఓనరుకు ముందే తెలుసని చూపడం, మాకు అనుకోకుండా దొరికింది. వాచ్‌మన్ గదిలో మేకుకు దారం కట్టి వేలాడదీసిన ఒక లాంగ్ నోట్‌బుక్. అట్ట నలిగి, మూలలు తడికి ఉబ్బిపోయి ఉంది. ప్రతి పేజీలోనూ బాల్‌పెన్‌తో తేదీ, ట్యాంకర్ వచ్చిన టైము, డ్రైవరుకు ఇచ్చిన డబ్బు, పక్కన ఒక టిక్కు. ముందు ఏడాది మార్చి నుంచి జూన్ దాకా రోజు విడిచి రోజు ట్యాంకర్ దిగింది. వెనక పేజీల్లో ఫ్లాట్ల వారీగా వాటాలు. మా ఫ్లాట్ నంబరు ఎదురుగా ఓనరు పేరు, ఆయన కట్టిన డబ్బు. జనవరిలో మాకు "ట్యాంకర్ మాటే ఉండదు" అని చెప్పిన మనిషి ఆ ముందు వేసవిలో నాలుగు నెలలు ట్యాంకర్ డబ్బు కట్టాడు.

ఆ పుస్తకాన్ని వాచ్‌మన్ దగ్గర లాక్కుని ఫొటో తీయలేదు. ఆయన జీవనం ఆ అపార్ట్‌మెంటు మీదే ఉంది. అసోసియేషన్ సెక్రటరీని అడిగి, ఆయన ముందే ఫొటోలు తీసుకున్నాం. మీరూ అట్లాగే చేయండి. పక్క ఫ్లాట్ల వాళ్లు సాక్ష్యం చెప్పకపోయినా తప్పు పట్టొద్దు, వాళ్లు అక్కడే ఉండాలి కదా.

ఇక డబ్బు ఇచ్చిన రుజువు. ఫోన్‌పే, గూగుల్‌పే అయితే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. చేతికి ఇచ్చి ఉంటే, "మీకు ఇచ్చిన 40,000 అడ్వాన్స్" అని మెసేజ్‌లో మాటల మధ్య రాయండి. ఆయన దాన్ని ఖండించకుండా జవాబిస్తే అదే ఆధారం.

అడగడం, తర్వాత నోటీసు

మొదట నేరుగా వెళ్లి కూర్చుని మాట్లాడండి. మన దగ్గర చాలా గొడవలు ఇట్లాగే తేలతాయి, తేలాలి కూడా. వెంట ఇద్దరూ గౌరవించే పెద్దమనిషి ఒకరుంటే మంచిది. ఎదురయ్యే మాట దాదాపు అందరికీ ఒకటే: "కొత్తగా బాడుగకు ఎవరన్నా వచ్చినాక వాళ్ల అడ్వాన్స్‌తో మీది ఇస్తా." దీనికి ఒప్పుకోవద్దు. ఎవరు ఎప్పుడు వస్తారో మీ చేతిలో లేదు, మీ డబ్బుకూ దానికీ సంబంధం లేదు. తేదీ అడగండి. మాట్లాడి ఇంటికి వచ్చిన వెంటనే "ఈ రోజు మీరు ఫలానా తేదీకి ఇస్తామన్నారు" అని మెసేజ్ పెట్టండి.

ఆ తేదీ దాటితే నోటీసు. లాయరు చేత పంపితే ఓనరు ఇంకొంచెం జాగ్రత్తగా చదువుతాడు, కానీ మీరే రాసి పంపినా చెల్లుతుంది. మేం ముందు సొంతంగానే రాశాం. తెలుగులో, ఒకే పేజీ. ఇట్లా ఉండొచ్చు:

"అయ్యా, ఫలానా తేదీన మీ ఫ్లాట్‌ను నెలకు ఇంత బాడుగకు తీసుకుని ఇంత అడ్వాన్స్ చెల్లించాము. మున్సిపల్ నీటి కనెక్షన్ ఉందని మీరు చెప్పిన మాట మీద ఆధారపడే తీసుకున్నాము. ఆ కనెక్షన్ లేదని ఫలానా తేదీన తెలిసింది. మీ మెసేజ్‌లోనూ మీరు అదే తెలిపారు. గత వేసవిలోనూ నీటి కొరత ఉన్న సంగతి మీకు తెలిసినా మాకు చెప్పలేదు. కాబట్టి ఈ బాడుగ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాము. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో ఇల్లు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాము. ఆ రోజు వరకు బాడుగ మినహాయించి మిగిలిన అడ్వాన్స్ అదే రోజు చెల్లించగలరు. లేని పక్షంలో వడ్డీ, ఖర్చులతో సహా చట్టప్రకారం వసూలు చేసుకోవలసి వస్తుంది."

ఇంతకు మించి రాయొద్దు. ఆయన గుణగణాల గురించి ఒక్క ముక్క కూడా వద్దు. వాడిన సంగతులకు ఆధారాల కాపీలు జతచేయండి. పోస్టాఫీసులో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ జతచేసి, అందిన రుజువు వచ్చేలా పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. "తీసుకోలేదు" అని రాసి కవరు వెనక్కి వస్తే దాన్ని విప్పొద్దు, అట్లాగే దాచండి. సరైన అడ్రసుకు పంపారనడానికి అది మంచి రుజువు. అదే నోటీసు ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టండి.

"ఆయన ఇవ్వకపోతే బాడుగ ఆపేసి అడ్వాన్స్‌లో జమ చేసుకుందాం" అని చాలామంది సలహా ఇస్తారు. ఓనరు రాతలో ఒప్పుకుంటే అంతకంటే సులువైన దారి లేదు. ఒప్పుకోకుండా మీ అంతట మీరే ఆపితే, బాడుగ ఎగ్గొట్టారని ఆయన తిరగబడే వీలు మీరే ఇచ్చినట్టు. నా మటుకు నేను దానికి పోలేదు. ఫేస్‌బుక్‌లోనో అపార్ట్‌మెంట్ గ్రూపులోనో ఆయన పేరు పెట్టి రాయడం కూడా వద్దు. కోపం తీరుతుందేమో గానీ డబ్బు ఇంకా దూరమవుతుంది.

అప్పటికీ కదలకపోతే

నేను ముందుగా చెప్పేది లోక్ అదాలత్ దారి. అనంతపురం జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ప్రతి జిల్లాలోనూ ఇట్లాంటిదే ఉంటుంది. అక్కడ కేసు వేయకముందే, అంటే ప్రీ-లిటిగేషన్ కింద, దరఖాస్తు ఇవ్వొచ్చు. కోర్టు ఫీజు లేదు. వాళ్లు ఓనరుకు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే వచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఓనరు రాకపోతే మాత్రం అక్కడితో ఆగుతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లాయరును కూడా ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు.

అదీ కుదరకపోతే సివిల్ కోర్టులో డబ్బు వసూలు దావా. దానికి మూడేళ్ల గడువు ఉంది. కోర్టు ఫీజు, లాయరు ఫీజు, తిరుగుడు అన్నీ లెక్క వేసుకుని మీ మొత్తానికి అది గిట్టుబాటో కాదో చూసుకోండి. 20,000 కోసం దావా వేయమని నేను చెప్పలేను. లక్ష దాటితే లాయరును కలవడం మంచిది.

బ్రోకర్ అబద్ధం చెప్పి కమిషన్ తీసుకుని ఉంటే ఆయనది డబ్బు తీసుకుని చేసిన సేవ. ఆయన మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు. ముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి చూడండి. ఓనరు మీద మాత్రం ఈ దారి సాధారణంగా నడవదు, అది ఇంటి బాడుగ తగాదా అంటారు.

పోలీసు స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్" అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. కానీ కొన్నిటికి పోలీసులే సరైన దారి. డబ్బు తీసుకున్నవాడు అసలు ఓనరే కాకపోయినా, ఒకే ఫ్లాట్‌కు నలుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నా అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. ఇల్లు చూడకుండానే ఆన్‌లైన్‌లో టోకెన్ అమౌంట్ పంపి పోగొట్టుకుంటే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తాళాలు ఇచ్చే రోజు

ఓనరు దిగివచ్చాక కూడా ఇక్కడ జారిపోయేవాళ్లు ఉన్నారు. మాకు నోటీసు అందిన పదో రోజున ఫోన్ వచ్చింది. ఏప్రిల్‌లో ఉన్న రోజులకు బాడుగ, గోడల మేకు రంధ్రాలకు కొంచెం, మొత్తం 5,000 మినహాయించి 35,000కు ఒప్పుకున్నాం. రంధ్రాల డబ్బు ఇవ్వాల్సిన పని లేదనే నేననుకున్నాను, కానీ దాని కోసం ఇంకో నెల తిరగడం ఇష్టం లేకపోయింది. ఆయన దగ్గర ఆ రోజు అంత డబ్బు లేదు. మన అడ్వాన్స్‌ను దాచిపెట్టుకునే ఓనర్లు తక్కువ, ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. 15,000 అక్కడికక్కడే ఫోన్‌పే చేశాడు, మిగిలిన 20,000కు మే నెల తేదీతో చెక్కు ఇచ్చాడు.

నోటిమాట కంటే చెక్కు ఎంతో నయం. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 138వ సెక్షన్ కింద కేసు అవుతుంది. బౌన్స్ అయిందని బ్యాంకు తెలిపినప్పటి నుంచి 30 రోజుల్లో మీరు నోటీసు ఇవ్వాలి, కట్టడానికి ఆయనకు 15 రోజులు ఉంటాయి, అప్పటికీ కట్టకపోతే ఒక నెలలోపు కోర్టుకు వెళ్లాలి. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయడం మరిచిపోవద్దు.

తాళాలు ఇచ్చే ముందు ఖాళీ ఇంటిని గదిగదికీ వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, చివరి బిల్లు కట్టేయండి. ఒక కాగితం మీద "ఫలానా తేదీన తాళాలు మూడు ముట్టినవి, ఇంటికి ఏ నష్టం లేదు, అడ్వాన్స్‌లో ఇంత నగదు, ఇంత చెక్కు రూపంలో ఇచ్చాను" అని రాసి ఓనరు సంతకం పెట్టించుకోండి. సంతకం చేసిన కాగితం మీ చేతికి, తాళాలు ఆయన చేతికి, రెండూ ఒకేసారి మారాలి. ఎంత మంచిగా మాట్లాడినా తాళాలు ముందు ఇవ్వొద్దు. "డబ్బు మొత్తం ముట్టింది" అనే రసీదు మీద మీరు సంతకం చేసేది చెక్కు డబ్బు మీ ఖాతాలో పడిన తర్వాతే. మాకు మే 17న పడింది, ఆ సాయంత్రమే రసీదు ఫొటో ఆయనకు పంపాం.